చెన్నైలో క్రిమినాలజీ, సోషియాలజీ: ఏది ముందు, పని నేర్చుకునేది ఎక్కడ

తిరుపతి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంటర్ హెచ్‌ఈసీ అయిపోయింది. క్రిమినాలజీ చదవాలని గట్టి కోరిక. చెన్నైలో పెద్దమ్మగారింట్లో ఉండి చదువుకునే వీలుంది. డిగ్రీలో క్రిమినాలజీ తీసుకోవాలా, సోషియాలజీ తీసుకోవాలా? చదువుతూనే పని అనుభవం ఎలా సంపాదించాలి? నాన్నగారేమో బీకాం చేరమంటున్నారు, "ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది" అంటే ఏం చెప్పాలి?

నేను చెన్నైలోనే సోషియాలజీ చదివాను. పిల్లల కేసుల్లో, జైలు న్యాయ సహాయంలో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు కాలేజీ పిల్లల ఫీల్డ్ వర్క్ చూస్తున్నాను. కాబట్టి కాస్త పొడుగైనా వివరంగానే చెప్తానమ్మా.

ముందు ఒక విషయం తేల్చుకోండి. క్రిమినాలజీ అనగానే వేలిముద్రలు, డీఎన్‌ఏ, రక్తపు మరకలు గుర్తొస్తే, అది ఫోరెన్సిక్ సైన్స్. ఆ దారికి ఇంటర్‌లో సైన్స్ చదివి ఉండాలి. క్రిమినాలజీ అడిగే ప్రశ్నలు వేరు. దేన్ని నేరం అంటున్నాం, ఎవరు పట్టుబడుతున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు, జైలు నుంచి బయటికొచ్చిన మనిషికి ఎవరు పని ఇస్తారు, నష్టపోయినవాళ్లను ఎవరు పట్టించుకుంటారు. ఇవన్నీ సమాజాన్ని చదివితే తప్ప అర్థం కాని ప్రశ్నలు. అందుకే నా సలహా సూటిగా చెప్తున్నాను: డిగ్రీలో సోషియాలజీ చదవండి, పీజీలో క్రిమినాలజీకి వెళ్లండి.

ఎందుకంటారా, మనకు తెలిసిన ఊరి సంగతే చూడండి. స్టూవర్టుపురం పేరు చెప్తే మనవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది దొంగతనాలు. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం చాలామందికి తెలియదు. ఎరుకలవాళ్లలో ఎన్నో కుటుంబాలు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవి. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, రైళ్లు వచ్చాయి, ఆ వ్యాపారం దెబ్బతింది. ఒకచోట కుదురుగా ఉండనివాళ్లంటే అప్పటి ప్రభుత్వానికి మొదటి నుంచీ అనుమానమే. 1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసేసుకున్నారు. బాపట్ల దగ్గర సెటిల్‌మెంట్ పెట్టి, దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించి, స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. చట్టం పోయినా మచ్చ పోలేదు. జాషువా గారి కూతురు హేమలతా లవణం గారు, భర్త లవణం గారు కలిసి అక్కడివాళ్ల జీవితాలు మార్చడానికి ఏళ్ల తరబడి పనిచేశారంటే, పోవాల్సింది ఊళ్లోవాళ్ల అలవాట్లు మాత్రమే కాదు, ఊరి బయట ఉన్నవాళ్ల చూపు కూడా అని అర్థం.

ఇప్పుడు మీరు నేరుగా క్రిమినాలజీ పుస్తకం తెరిచి, 'నేరానికి కారణాలు' అనే పాఠం చదివారనుకోండి. పేదరికం, చదువు లేకపోవడం, చెడు స్నేహాలు అని ఒక పట్టిక కనిపిస్తుంది. పరీక్షకు అది చాలు. సోషియాలజీ చదివినవాళ్లు ఆ పట్టిక దగ్గర ఆగిపోరు. నేరస్తుడనే ముద్ర వేసిందెవరు, దాని వల్ల ఎవరికి ఏం పోయింది అని అడుగుతారు. కోరికలు అందరికీ నేర్పి, దారులు కొందరికే తెరిచే సమాజంలో ఏం జరుగుతుందో రాబర్ట్ మెర్టన్ 1938లోనే రాశాడు. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషుల నేరాలకు వైట్ కాలర్ క్రైమ్ అని పేరు పెట్టి, 1939లో వాటిని చర్చకు పెట్టిన ఎడ్విన్ సదర్లాండ్ కూడా సోషియాలజిస్టే. ఈ ఇద్దరినీ డిగ్రీలో బాగా చదువుకుంటే పీజీలో సగం భారం తగ్గుతుంది.

స్టూవర్టుపురం పాత కథ అనిపిస్తే, చెన్నై వచ్చాక ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కనున్న కన్నగి నగర్‌కు వెళ్లండి. 2000 నుంచి నగరం నడిబొడ్డులోని మురికివాడలను, కాలువ గట్ల మీది గుడిసెలను ఖాళీ చేయించి ఆ కుటుంబాలను అక్కడికి తరలించారు. 15,000కు పైగా ఇళ్లున్న కాలనీ అది. నగరంలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు పని దూరమైంది, పిల్లల బడి మధ్యలో ఆగింది. వచ్చిపడిన చెడ్డపేరు మాత్రం అక్కడ ఉన్నవాళ్లందరికీ అంటుకుంది. అడ్రసు చూసి ఉద్యోగం ఇవ్వలేదని అక్కడి కుర్రాళ్లు చెప్పడం మీరే వింటారు. దయచేసి అక్కడికి 'నేరాల ఏరియా' చూడ్డానికి వచ్చిన విద్యార్థిలా వెళ్లకండి. సాయంత్రం ట్యూషన్ చెప్పే సంస్థలు ఉంటాయి, అందులో చేరి ఒక సంవత్సరం లెక్కలు గానీ ఇంగ్లీషు గానీ చెప్పండి. ఏ సర్వే ప్రశ్నావళి పట్టుకెళ్లినా తెలియని సంగతులు వాటంతట అవే తెలుస్తాయి.

కాలేజీల సంగతి తొందరగా చెప్పేస్తాను. చెన్నైలో బీఏ సోషియాలజీకి స్టెల్లా మారిస్, లయోలా లాంటి పేరున్న కాలేజీలు ఉన్నాయి. సోషల్ వర్క్ వైపు మనసు పోతే 1952 నుంచి నడుస్తున్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఎగ్మోర్‌లో ఉంది. పీజీకి మద్రాసు యూనివర్సిటీ చెపాక్ క్యాంపస్‌లోని క్రిమినాలజీ డిపార్ట్‌మెంట్ ఉండనే ఉంది. తిరునెల్వేలిలో మనోన్మణీయం సుందరనార్ యూనివర్సిటీలో, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో కూడా మంచి కోర్సులు ఉన్నాయి. ఫీజులు, సీట్లు ఏటా మారతాయి కాబట్టి వాళ్ల ప్రకటనలే చూసుకోండి. నేను మాత్రం కాలేజీని ఒక్క ప్రశ్నతో తూస్తాను: ఫీల్డ్ వర్క్ టైంటేబుల్‌లో ఉందా, లేక చివరి సెమిస్టర్‌లో ఒక సర్టిఫికెట్‌తో సరిపెడుతున్నారా? సోషల్ వర్క్ కోర్సుల్లో వారానికి రెండు రోజులు బయట పని ఉంటుంది, రాసిన డైరీని సూపర్‌వైజర్ ప్రతి వారం చదివి ప్రశ్నిస్తారు. సోషియాలజీ బీఏలో అంత ఉండదు, మీరే కల్పించుకోవాలి.

ఇక అసలు విషయం, పని అనుభవం. పిల్లలు నా దగ్గరికి వచ్చి ముందుగా అడిగేది పోలీస్ స్టేషన్ ఇంటర్న్‌షిప్. అది దొరికితే వద్దనను. స్టేషన్‌లో రోజంతా ఎలా గడుస్తుందో, ఎవరిని కూర్చోబెడతారో, ఎవరిని నిలబెడతారో చూడాల్సిందే. కానీ అక్కడ విద్యార్థికి చేతికిచ్చే పని దాదాపు ఉండదు, ఓ మూల కూర్చుని రావడమే. అంతకంటే జువెనైల్ జస్టిస్ వ్యవస్థలో, అంటే 18 ఏళ్లలోపు పిల్లల కేసుల్లో, నేర్చుకునేది పదింతలు ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఈ కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఒక పిల్లవాడు కేసులో దొరికితే అతని గురించి సామాజిక దర్యాప్తు నివేదిక రాయాలి. రూల్స్‌లో దానికి ఫారం 6 అని ఒక నమూనా ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం సంపాదిస్తున్నారు, ఇల్లు ఎలాంటిది, బడి ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు, స్నేహితులు ఎవరు, ఆ పని చేయడానికి దారితీసిన పరిస్థితులేమిటి అని వరసగా గడులు ఉంటాయి. రాయాల్సింది ప్రొబేషన్ అధికారి, లేదా సోషల్ వర్కర్. ఇంటికి వెళ్లి విషయాలు సేకరించేటప్పుడు వాళ్ల వెంట వెళ్లి నేర్చుకునే అవకాశం విద్యార్థులకు దొరుకుతుంది.

ఒక కేసు చెప్తాను, ఆనవాళ్లు మార్చాను. పదహారేళ్ల అబ్బాయి, బండి మీద వెళ్తూ సెల్‌ఫోన్ లాక్కున్న కేసు. మా విద్యార్థిని ఒకరు మొదటి ముసాయిదాలో ఇలా రాసింది: "తండ్రి బాధ్యత లేనివాడు, తల్లి పట్టించుకోదు, అబ్బాయికి చదువు మీద శ్రద్ధ లేదు." మూడు వాక్యాలు, మూడూ తీర్పులే. నేను ప్రతి వాక్యం పక్కన ఒకే ప్రశ్న రాసి తిరిగి ఇచ్చాను: ఎవరు చెప్పారు, మీరేం చూశారు? మళ్లీ వెళ్లింది. తండ్రి కోయంబేడు మార్కెట్‌లో లోడు దించే కూలీ. కూరగాయల లారీలు రాత్రిపూట వస్తాయి కాబట్టి రాత్రి వెళ్లి తెల్లారాక ఇంటికొచ్చి పడుకుంటాడు. తల్లి పొద్దున్నే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్తుంది. ఇల్లు మారినప్పుడు పాత బడి నుంచి టీసీ తెచ్చుకోలేదు. తొమ్మిదో తరగతిలో చేరడానికి వెళ్తే అది లేదని తిప్పి పంపారు. ఆ తర్వాత ఏడాదిన్నర పగలంతా ఖాళీగా ఉన్నాడు. రెండో ముసాయిదాలో ఇవన్నీ ఉన్నాయి, తీర్పు ఒక్కటీ లేదు. చివర్లో టీసీ ఎక్కడ దొరుకుతుందో, దగ్గర్లో ఏ బడి చేర్చుకుంటుందో రాసింది. బోర్డు చేతిలో కౌన్సెలింగ్, కమ్యూనిటీ సర్వీస్, ప్రొబేషన్ (పర్యవేక్షణలో ఉంచి బయటే వదలడం) లాంటి దారులు చాలా ఉంటాయి. దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవడానికి మొదటి ముసాయిదా ఏమాత్రం పనికిరాదు, రెండోది పనికొస్తుంది. ఈ తేడా చేతికి అలవాటు కావడమే నేను చెప్పే పని అనుభవం. ఆ అబ్బాయి ఫోన్ లాక్కున్నాడు, ఆ ఫోన్ పోయినామె కిందపడి దెబ్బలు తగిలించుకుంది. అది కూడా నివేదికలో ఉండాలి. జాలి ఎక్కువై దాన్ని వదిలేస్తే మీ కాగితాన్ని ఎవరూ నమ్మరు.

రెండో చోటు జైలు. చెన్నై పాత సెంట్రల్ జైలు 2006లో నగర శివార్లలోని పుళల్‌కు మారింది. లోపలికి వెళ్లాలంటే డిపార్ట్‌మెంట్ ద్వారా అనుమతి కావాలి, నెలలు పడుతుంది. దొరక్కపోయినా నిరాశపడకండి, ములాఖత్ కోసం వచ్చిన కుటుంబాలతో పనిచేసే సంస్థలు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున తిరిగే పారా లీగల్ వాలంటీర్లు (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన మామూలు మనుషులు) ఉంటారు, వాళ్ల వెంట వెళ్లొచ్చు. వెళ్లేముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే. బెయిల్ మంజూరైనా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయినవాళ్లు కూడా ఉంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపేస్తే విడుదలకు అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా ఇబ్బందే. ఈ లెక్క వేసి, ఎవరికి అర్హత వచ్చిందో పట్టిక తయారుచేయడం డిగ్రీ విద్యార్థి కూడా నేర్చుకోగల పని. ఎవరి జీవితంలోనో నిజంగా తేడా తెచ్చే పని కూడా.

ఇక్కడే మీకు చెన్నై విద్యార్థులకు లేని బలం ఒకటి ఉంది. మీరు తిరుపతి అమ్మాయి. ఎర్రచందనం కేసుల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి వైపు పల్లెల కూలీలు. జవ్వాది కొండల గిరిజనులు కూడా ఆ పనికి వెళ్తుంటారు. కొండ మీద సాగు అంతంతమాత్రం, చేతిలో గొడ్డలి పనితనం ఉంది, మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, రెండు మూడు రోజుల పనికి ఊళ్లో నెలంతా చేసినా రాని కూలి. దుంగ దేశం దాటి చైనా దాకా వెళ్తుంది, పట్టుబడేది మాత్రం నరికినవాడు. వాళ్లు మన ఆంధ్ర జైళ్లలో తెలుగు రాక, చార్జిషీటులో ఏముందో తెలియక కూర్చుంటారు. మన తిరుపతివైపు అది 'స్మగ్లర్ల' వార్త. జవ్వాది కొండల్లో అదే వార్త 'పనికెళ్లిన మనిషి తిరిగి రాలేదు' అని చేరుతుంది. రెండు వైపులా నిలబడి, రెండు భాషల్లోనూ వినగలిగినవాళ్లు పరిశోధనలో చాలా తక్కువ. అడవి నష్టాన్ని తక్కువ చేయకుండా, కూలీ బతుకును దాచకుండా ఆ కథ రాయగలిగితే మీ పీజీ డిసర్టేషన్‌కు అంతకంటే మంచి అంశం నాకు తోచడం లేదు.

అందుకే తమిళం మాట్లాడటంతో ఆపకండి, చదవడం నేర్చుకోండి. ఎఫ్‌ఐఆర్, బోర్డు ఆర్డరు, బడి రికార్డు చాలావరకు తమిళంలోనే ఉంటాయి. మీ తెలుగు కూడా ఊరికే పోదు. చెన్నై కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పని కోసం నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లు కేసులో ఇరుక్కుంటే, వాళ్ల మాట వాళ్ల భాషలో వినే మనిషి దొరకడమే గొప్ప.

అంకెలతో జాగ్రత్త అని ఒక్క మాట. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) ఏటా ఇచ్చే లెక్కలు చూసి ఏ రాష్ట్రంలో నేరాలు ఎక్కువో వ్యాసం రాసేయకండి. అవి నమోదైన కేసుల లెక్కలు. ధైర్యంగా ఫిర్యాదు చేయగలిగే చోట, పోలీసులు కేసు రాసుకునే చోట అంకె పెరుగుతుంది. ఇంకొకటి, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్యాయత్నం, ఇంట్లోకి చొరబడటం, బెదిరింపు మూడూ ఉంటే లెక్కలోకి వెళ్లేది పెద్ద శిక్ష పడే నేరం ఒక్కటే. ఈ సంగతి తెలియకుండా గ్రాఫులు గీసిన ప్రాజెక్టులు నేను చాలా చూశాను.

బాధితుల వైపు పని కూడా తప్పక చూడండి, క్రిమినాలజీలో దాన్ని విక్టిమాలజీ అంటారు. ఇంటి హింస నుంచి బయటపడిన ఆడవాళ్లకు అండగా ఉండే పీసీవీసీ చెన్నై సంస్థే. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం అంతా ఒకేచోట అందించే ప్రభుత్వ వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, పిల్లల పక్కన ఉండే సపోర్ట్ పర్సన్ పని ఉంది. కానీ ఇది మొదటి ఏడాది చేయాల్సింది కాదు. శిక్షణ లేకుండా బాధితురాలి చేత జరిగిందంతా మళ్లీ చెప్పించడం ఆమెకు హాని. మొదట ఆఫీసు పని, ఫోన్ రిజిస్టరు, వెంట కోర్టుకు వెళ్లి రావడం లాంటివి చేయండి. శిక్షణ అయ్యాకే కౌన్సెలింగ్.

రహస్యం విషయంలో నేను ఏ విద్యార్థికీ మినహాయింపు ఇవ్వను. కేసులో ఉన్న పిల్లల పేరు, బడి, ఫోటో, ఆనవాళ్లు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. డైరీలో పేర్లకు బదులు అక్షరాలు రాసుకోండి. ఫోన్‌లో ఫోటోలు తీయకండి, వాట్సాప్ గ్రూపులో 'ఈరోజు ఒక కేసు చూశాను' అని పెట్టకండి, పెద్దమ్మగారికి కూడా చెప్పకండి. మనసు బరువెక్కితే సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. కొన్ని రోజులు నిద్ర పట్టదు, అన్నం సహించదు, టెన్షన్‌గా ఉంటుంది. ఆ మాట సూపర్‌వైజర్‌కు చెప్పుకోవడం బలహీనత కాదు. చెప్పుకోనివాళ్లే మధ్యలో వదిలేసి వెళ్లడం చూశాను.

ఇక నాన్నగారి ప్రశ్న. ఆయన భయం న్యాయమైనదే, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రొబేషన్ అధికారి, జైలు సంక్షేమ అధికారి లాంటి పర్మనెంట్ ఉద్యోగాలకు నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, వన్ స్టాప్ సెంటర్లలో ఉద్యోగాలు త్వరగా దొరుకుతాయి, కానీ ఎక్కువ కాంట్రాక్టు, జీతం తక్కువ. సంస్థల్లోనూ మొదటి కొన్నేళ్లు అంతే. మరోవైపు క్రిమినాలజీలో యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) విడిగా ఉంది, పాస్ అయితే కాలేజీలో చెప్పవచ్చు. సివిల్స్ రాయాలనుకుంటే సోషియాలజీ ఆప్షనల్ ఉంది. బ్యాంకులు, ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలు మోసాల పరిశీలనకు పెట్టుకునే టీముల్లో ఇది చదివినవాళ్లు పనిచేస్తున్నారు, అక్కడ జీతం బాగుంటుంది. ఆ దారి కూడా తెరిచి ఉంచుకోవాలంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్, ఎక్సెల్ శ్రద్ధగా నేర్చుకోండి. నాన్నగారికి ఈ మాట కాస్త ఊరటనిస్తుంది. బీఏ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, లీగల్ ఎయిడ్ వైపు వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులో నిలబడి మాట్లాడాలనే కోరిక మీలో ఉంటే నేను అదే చెప్తాను.

అడ్మిషన్లకు ఇంకా టైం ఉంటే ఈ లోపు తిరుపతిలోనే ఒక పని చేయండి. కోర్టు పనిదినాన మీ ఊరి కోర్టుకు వెళ్లి, అందరూ కూర్చునే బెంచీ మీద ఒక పూట కూర్చోండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడొచ్చు. ఎన్ని కేసులు పిలిచారు, ఎన్ని వాయిదా పడ్డాయి, ఎందుకు పడ్డాయి, నిందితుడి పక్కన ఎవరు వచ్చారు అని రాసుకోండి. మీ అభిప్రాయాలు వద్దు, కనిపించింది, వినిపించింది మాత్రమే. అలా నాలుగైదు పూటలు రాశాక మీకు ఇంకా ఆసక్తి ఉంటే, ఆ నోట్సే కాలేజీ ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. సీటు ఎక్కడ వచ్చిందో చెప్తే, ఆ చుట్టుపక్కల ఏ సంస్థలు మొదటి ఏడాది విద్యార్థులను చేర్చుకుంటాయో నేను చెప్తాను.